తిరిగి రాని ఎలుకలు

మెదడు బొమ్మ తీసే యంత్రంలోకి లోహం ఏదీ వెళ్ళకూడదు. మెడలో పుస్తెలు తీసి ఇమ్మని టెక్నీషియను అడిగితే నూకరత్నం తీయనంది.

"నా పెనిమిటి సముద్రంలో ఉన్నాడు. ఇప్పుడు తీసీమంటే ఏటర్థం బాబూ?"

టెక్నీషియను డాక్టర్ సౌదామిని వైపు చూశాడు. సౌదామిని నూకరత్నం అత్త కాసులమ్మ వైపు చూసింది. కాసులమ్మ కొంగు ముడి విప్పి పసుపు కొమ్మూ దారమూ బయటికి తీసింది. ఇలాంటిది అడుగుతారని పాలెంలో బయల్దేరేటప్పుడే ఎవరో చెప్పారట. కోడలి మెడలో పసుపు కొమ్ము కట్టాకే పుస్తెల తాడు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇక ఎల్లు. బయపడకు. నానిక్కడే ఉంటాను."

అప్పటికి నూకరత్నం భర్త ఎల్లాజీ కనిపించకుండా పోయి రెండేళ్ళు దాటింది. విశాఖ రేవు నుంచి వేటకు వెళ్ళిన బోటు తుఫానులో చిక్కుకుంది. వెతికినవాళ్ళకు డీజిలు డబ్బా ఒకటి, వల తాలూకు బెండ్లు కొన్ని దొరికాయి. మనుషులు దొరకలేదు. శవం దొరక్కపోతే వాళ్ళ ఊరు కొత్తరేవుపాలెంలో కర్మ చేయరు. కర్మ జరగని మనిషి ఇంకా వేటలో ఉన్నట్టే లెక్క. మగవాడు వేటలో ఉండగా ఇంట్లో అన్నం చట్టి బోర్లించరు, పడవ బోర్లా పడుతుందని. నూకరత్నం రెండేళ్ళుగా చట్టి తోమి, మూతి పైకి పెట్టి ఆరబెడుతోంది.

అంతవరకే అయితే ఆమెను ఆసుపత్రికి ఎవరూ తీసుకొచ్చేవారు కారు. ఆమె చేపలమ్మే బజారు ఒడ్డుకు దగ్గర. ఏ ఇంజను చప్పుడు వినిపించినా తట్ట వదిలేసి పరుగెత్తేది. దగ్గరికి వచ్చాక అది వేరే బోటని తెలిసేది. తిరిగి వచ్చేసరికి తట్టలో చేపలు కాకులు తినేవి. ఒక ఉదయం కూతురు పైడితల్లిని చంకన వేసుకుని, చప్పుడు వినిపించిన వైపు నీళ్ళలోకి నడిచింది. కెరటం ఇద్దరి తలల మీంచి పోయింది. ఒడ్డు నుంచి అలివి వల లాగుతున్నవాళ్ళు వల వదిలేసి వచ్చి ముందు పిల్లను, తర్వాత తల్లిని బయటికి లాగారు. పిల్ల ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. పిల్ల ఏడుపు వినిపించాక తల్లి అన్న మొదటి మాట: "బోటేదీ?"

ఆ మాటకే కాసులమ్మ ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. పెద్దాసుపత్రి వాళ్ళు విశ్వవిద్యాలయంలోని మెదడు పరిశోధన విభాగానికి పంపారు.

యంత్రంలో పడుకున్నాక చేతికి సూది గుచ్చి మందు ఎక్కించారు. కదలవద్దన్నారు. కాసేపటికి చెవుల్లో చప్పుడు మొదలైంది. బోటును మొదటిసారి నీళ్ళలోకి దించిన రోజు ఎల్లాజీ తమ్ముడు ఫోనులో తీసిన వీడియోలోది ఆ చప్పుడు. డప్పులూ ఆడవాళ్ళ కేకలూ తీసేసి ఇంజను చప్పుడు ఒక్కటే ఉంచారు. మూడుసార్లు దగ్గి, ఆగి, నాలుగోసారి అందుకునే ఇంజను. నూకరత్నం లేవబోయింది. కాళ్ళకూ చేతులకూ పట్టీలు ఉన్నాయి. ఏడుస్తున్నా కదలలేదు, పిల్ల గుర్తొచ్చి.

తర్వాత సౌదామిని ఆమెకు కంప్యూటరు తెర చూపించింది. మెదడు బొమ్మలో, బాగా లోపల, బఠాణీ గింజంత చోట రంగు మారి ఉంది.

"చప్పుడు వినగానే మేలుకున్న కణాలు ఇవి. మందు వీటిలోకే వెళ్ళింది, మేలుకోని వాటిలోకి వెళ్ళదు. రేపు శబ్ద తరంగాలు పంపిస్తే మందున్న కణాలు నిద్రపోతాయి. కోత లేదు, కుట్టు లేదు."

"ఇంతేనా? ఇంత దానికేనా నాను నీళ్ళలోకి దిగిపోనాను?"

"ఇంతే."

"దీన్ని ఆపీస్తే మా మావ గుర్తుండడేటి?"

"అన్నీ గుర్తుంటాయి. ఆయన పేరు, ముఖం, మీ పెళ్ళి, అన్నీ. పరుగెత్తాలనిపించదు. అంతే."

సౌదామిని ఆ మాట నమ్మే చెప్పింది. జంట కట్టి బతికే గడ్డి ఎలుకల మీద ఆమె, ప్రొఫెసర్ కృపానిధి కలిసి తొమ్మిదేళ్ళు పనిచేశారు. మగదాన్ని వేరు చేస్తే ఆడది గూటి తలుపు దగ్గరే కూర్చునేది, తిండి మానేసేది. ఈ కణాలను నిద్రపుచ్చితే తలుపు వదిలి వచ్చి తిండి తినేది.

మర్నాడు నూకరత్నాన్ని మళ్ళీ పడుకోబెట్టారు. నొప్పి తెలియలేదు. బయటికి వచ్చాక కాసులమ్మ పుస్తెల తాడు వేసి, పసుపు కొమ్ము విప్పి సముద్రంలో కలపడానికి దాచింది.

నెల తిరిగేసరికి నూకరత్నం రాత్రిళ్ళు నిద్రపోతోంది. బజారులో ఇంజను చప్పుళ్ళు వినిపిస్తూనే ఉండేవి, ఆమె బేరం ఆడుతూనే ఉండేది. పిల్లను బడిలో వేసింది. పరిశోధన విభాగం నుంచి ఫోను వచ్చినప్పుడల్లా బాగున్నానని చెప్పేది. నిజంగానే బాగుంది.

ఒకరోజు కాసులమ్మ వంటింట్లోకి వచ్చి ఆగిపోయింది. అన్నం చట్టి పలక మీద బోర్లించి ఉంది.

"ఇదేటే?"

"ఏటత్తా?"

కాసులమ్మ చట్టి వైపు చూపించింది. నూకరత్నం చూసి, "తడారుతాదని ఎట్టీసినాను," అంది. తిప్పి మూతి పైకి పెట్టింది. ముఖంలో తప్పు చేసినట్టు గానీ భయపడినట్టు గానీ ఏమీ లేదు. ఆ రోజు నుంచి చట్టి తోమే పని కాసులమ్మ తనే తీసుకుంది.

*

మరుసటి ఏడాది వేసవిలో పోలీసు స్టేషను నుంచి ఫోను వచ్చింది. తుఫానుకు ఇంజను ఆగిన బోటు బర్మా వైపు కొట్టుకుపోయింది. బతికిన ఇద్దరిని అక్కడ జైల్లో పెట్టారు. ఆ దేశంలో యుద్ధం జరుగుతుండడంతో వీళ్ళెవరో కనుక్కుని పంపేవాళ్ళు లేకపోయారు. ఆ ఇద్దరిలో ఒకడు మైలపల్లి ఎల్లాజీ. కలకత్తా రైల్లో వస్తున్నాడు.

రైల్వే స్టేషన్లో కాసులమ్మ కొడుకు మీద పడి రెండు చేతులతో వీపు మీద కొట్టింది. "ఇన్నాళ్ళేట్రా! ఇన్నాళ్ళేట్రా సచ్చినోడా!" అంటూ కొడుతూనే ఉంది. చుట్టూ ఉన్న జనం నిలబడి చూశారు.

నూకరత్నం కూతురి చేయి పట్టుకుని నిలబడింది. వచ్చినవాడు ఎల్లాజీయే. గాలం తగిలి చినిగిన చెవి, ఎడమ కాలు ముందేసే నడక, అవే. సన్నబడ్డాడు, తల నెరిసింది. రైలు ఆగే ముందే ఆమె లోపల ఏదో కదులుతుందనుకుంది. రైలు ఆగాక కదులుతుందనుకుంది. అతను తన ముందుకొచ్చి నిలబడ్డాక కూడా ఆమె ఇంకా అందుకోసమే చూస్తోంది.

"బాగున్నావా మావా," అంది.

ఎల్లాజీ నవ్వాడు. "ఏటే, పెళ్ళికొచ్చిన సుట్టాన్ని అడిగినట్టు అడుగుతున్నావు?"

ఇంటికొచ్చాక చేపల పులుసు చేసి వడ్డించింది. అతను జైలు కబుర్లు చెప్పాడు. "పడుకుని కళ్ళు మూసుకుని, నువ్వు తట్టెత్తుకుని బజారు నుంచొచ్చే దారంతా నడిసీవోణ్ణి. ఎవరి గుమ్మంలో ఎవరు కూకున్నారో పక్కోడికి సెప్పీవోణ్ణి. ఆడికి తెలుగు రాదు పాపం, అయినా ఊ కొట్టీవోడు." నూకరత్నం నవ్వింది. కబురు బాగుంది గనక నవ్వింది.

అతని మీద ఆమెకు కోపం లేదు, అసహ్యం లేదు. పక్కింటి మనిషి జబ్బుపడి లేస్తే చూసినట్టు చూసుకుంది. నీళ్ళు కాచింది, కొత్త లుంగీలు కొంది. రాత్రి పక్కన పడుకుంటే అతను మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి ఆమె ముఖంలోకి చూసేవాడు. ఆమె ముఖం తిప్పుకునేది కాదు. అదే అతనికి అంతుపట్టలేదు.

ఒకసారి ఎల్లాజీ చెప్పకుండా భీమిలిలో ఉన్న మేనమామ ఇంటికి పోయి రెండు రాత్రులు ఉండి వచ్చాడు. నూకరత్నం ఎండుచేపలు తిరగేస్తోంది. తల ఎత్తి, "తిన్నావా?" అంది.

"నాను లేనట్టు తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎక్కడికెల్లేవని అడగవేటి?"

"ఒస్తావు కదా."

అతను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ఎవడైనా ఉన్నాడా? సెప్పీ. కొట్టను. ఇన్నేళ్ళు నాను లేను."

నూకరత్నం చేతిలో చేపలు కింద పెట్టింది. నీళ్ళలోకి దిగిన రోజు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. అతను విన్నాడు. పిల్ల మునిగిన చోట కళ్ళు మూసుకున్నాడు.

"అయితే నన్ను తీసీసినారు నీలోంచి."

"నిన్ను కాదు మావా. నువ్వంతా ఉన్నావు. నీ కోసం సూసీదాన్ని తీసీసినారు."

అతను ఒక చేపను తిరగేసి పెట్టి, "నాను అక్కడ దాన్ని అట్టుకునే బతికేను," అన్నాడు. "నువ్వు సూస్తుంటావని."

*

నూకరత్నం ఒక్కతే విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. సౌదామిని ఎదురొచ్చి, ఎల్లాజీ వచ్చిన వార్త పేపర్లో చదివానని, చాలా సంతోషమని అంది.

"నాకు లేదమ్మా. అందుకే ఒచ్చినాను. నాది నాకిచ్చీయండి."

సౌదామిని విషయమంతా విని యంత్రం సిద్ధం చేయించింది. ఈసారి ఎల్లాజీ గొంతు వినిపించారు. ఫోనులో అతను "రత్నం, ఏటి సేస్తన్నావు" అన్న మాట. తెర మీద ఇంకెక్కడెక్కడో రంగులు మారాయి, అంటే గొంతు పోల్చుకుంది, మాట అర్థమైంది. బఠాణీ గింజంత చోటు అలాగే ఉండిపోయింది.

సౌదామిని తెర ముందు నుంచి లేవలేదు. "ఎదురుచూసేవీ, వచ్చాక సంతోషించేవీ వేరువేరు కణాలనుకున్నాం," అంది. "రెండూ ఒకటే."

"మరి ఎలుకల్లో తెలవలేదేటి? మగ ఎలుక తిరిగొచ్చినప్పుడు ఆడది ఏటి సేసింది?"

సౌదామిని ఆమెను ఎలుకల గదిలోకి తీసుకెళ్ళింది. అరల నిండా గూళ్ళు ఉన్నాయి. కొన్నిట్లో జంటలు, కొన్నిట్లో ఆడవి మాత్రమే.

"తిరిగి రాలేదమ్మా. మగవాటి మెదళ్ళు కూడా చూడాలి కదా. వేరు చేసిన రోజే వాటిని కోసేసేవాళ్ళం. తొమ్మిదేళ్ళూ అంతే. ఒక్క మగ ఎలుకనీ వెనక్కి పంపలేదు. పంపి చూడాలని మాకెవరికీ తోచలేదు."

నూకరత్నం ఒక గూటి దగ్గర వంగింది. లోపల ఆడ ఎలుక గింజలు తింటోంది.

ప్రొఫెసర్ కృపానిధి వచ్చారు. ఆయన మర్యాదస్తుడు. నూకరత్నానికి కుర్చీ వేయించి, తను నిలబడే మాట్లాడారు. సౌదామిని మిగతావాళ్ళకు చేసే చికిత్సలు ఆపేద్దామంది.

"ఎలా ఆపుతాం? తీరమంతటా ఈమెలాంటి వాళ్ళున్నారు. తిండి తినరు, పిల్లల్ని చూడరు. ఈమె చూడు, నిద్రపోతోంది, పనిచేసుకుంటోంది, పాప బతికుంది. ఇలా భర్త తిరిగి రావడం ఎక్కడో ఒకరికి. మిగతావాళ్ళు రారు సౌదామినీ."

"రారని మీకెవరు సెప్పినారు బాబూ?" అని అడిగింది నూకరత్నం.

కృపానిధి ఆమె వైపు తిరిగారు. "కొన్నాళ్ళు ఆపుదాం," అని సౌదామినితో అని వెళ్ళిపోయారు.

ఆ కొన్నాళ్ళలో సౌదామిని మగ ఎలుకలను వెనక్కి పంపడం మొదలుపెట్టింది. మొదటిసారి వెనక్కి పంపినప్పుడు, కణాలు నిద్రపోయిన ఆడవి వాసన చూసి, పోల్చుకుని, తిండి దగ్గరికి వెళ్ళిపోయాయి. మళ్ళీ వేరు చేసింది, మళ్ళీ పంపింది. అలా వారాల తరబడి చేసింది. తర్వాత నూకరత్నాన్ని పిలిచి చెప్పింది:

"నిద్రపోయిన కణాలు లేవవు. పక్కనున్నవి కొన్ని ఆ పని నేర్చుకుంటున్నాయి. మొదట మీరు ఎదురుచూడడం ఎలా నేర్చుకున్నారో అలాగే. మనిషి వెళ్ళాలి, రావాలి. మళ్ళీ వెళ్ళాలి. కొన్ని ఎలుకలు తలుపు దగ్గరికి వస్తున్నాయి."

"అన్నీనా?"

"అన్నీ కాదు. సగం కన్నా తక్కువ. ఇంకొకటి చెప్పాలి. వచ్చిందంటే అంతా వస్తుంది. ఆ రోజు నీళ్ళలోకి నడిపించిందే అది. కొంచెం రమ్మంటే కొంచెమే రాదు."

"పిల్లకి ఈత నేర్పిస్తాను," అంది నూకరత్నం.

*

ఎల్లాజీ ఇక బోటు ఎక్కనన్నాడు. నీళ్ళలో మోకాలి దాకా దిగగానే ఒడ్డుకు వచ్చేసేవాడు. హౌరా దాకా రొయ్యలు తీసుకెళ్ళే లారీ మీద క్లీనరుగా కుదిరాడు. వెళ్ళడం, రావడం. ఇంట్లో ఉన్నప్పుడు ఉండడం, మళ్ళీ వెళ్ళడం.

లారీ హైవే మీద ఆగేది. అతను సంచి భుజాన వేసుకుని సందులోంచి నడిచి వచ్చేవాడు. గుమ్మంలోకి రాగానే, "ఏటి, బల్బు ఎలిగిందా?" అనేవాడు.

"కరెంటు లేదు మావా."

"మన లైనుమేను సౌదామినమ్మ ఏటంటాది?"

"ఓపిక పట్టమంటాది."

ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వాక అతను సంచి తీసి గోడకు తగిలించేవాడు, ఒక క్షణం గోడ వైపే చూస్తూ నిలబడేవాడు. నూకరత్నం అది చూసేది. అబద్ధం చెబితే అతనికి హాయిగా ఉంటుందని తెలుసు. ఒకసారి చెప్పబోయింది కూడా. అతను కనిపెట్టేస్తాడని మానేసింది.

అతను లేనప్పుడు ఆమె పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. బోట్లు వచ్చే వేళకు ఆడవాళ్ళు తట్టలతో నిలబడి ఉంటారు. నూకరత్నం బోట్ల వైపు చూసేది కాదు, వాళ్ళ ముఖాల వైపు చూసేది. ఇంకా బోటు కనిపించక ముందే ఎవరో ఒకామె మాట మధ్యలో ఆపి మెడ తిప్పేది. తనూ అలా తిప్పేది ఒకప్పుడు. ఎలా తిప్పేదో గుర్తుంది. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు తిప్పి చూసింది. మెడ తిరిగింది, అంతే.

"ఏటే, అలా ఈ మాలచ్చిమి మొకంలోకి సూస్తావు రోజూ? దిష్టి తగులుతాది దానికి," అని ఒకామె నవ్వుతూ అంది.

"తగలనీ. దాని మొగుడు వస్తన్నాడని దానికి ముందే ఎలా తెలుస్తాదో సూస్తన్నాను."

"ఎలా తెలుస్తాదేటి, తెలుస్తాది! నీకు తెలవదేటి?"

నూకరత్నం తట్ట ఎత్తుకుని బజారుకు వెళ్ళిపోయింది.

ఇంట్లో కాసులమ్మా ఆ ఆడవాళ్ళలాగే ఉండేది. హైవే మీద లారీ హారను మోగితే ముసలమ్మ తింటున్న కంచం ముందు నుంచి లేచేది. మోకాళ్ళ నొప్పి, గోడ పట్టుకుని లేచేది. వేరే లారీ అని తెలిశాక తిట్టుకుంటూ కూర్చునేది. "నీకు హాయే," అని కోడలితో ఒకసారి అంది. అన్నాక నాలిక కరుచుకుంది.

"నీకే హాయి అత్తా," అంది నూకరత్నం.

*

వానలు పట్టాక ఒకసారి ఎల్లాజీ మధ్యాహ్నానికి వచ్చేస్తానని ఫోను చేశాడు. మధ్యాహ్నం దాటింది. ఫోను పలకలేదు. పైడితల్లి బడి నుంచి వచ్చి, నాన్న రాలేదా అని అడిగి, ఆడుకోవడానికి పక్కింటికి పోయింది. నూకరత్నం వసారాలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నెత్తళ్ళు ఒక వైపు, సావడాలు ఒక వైపు.

కాసులమ్మ గుమ్మంలోకి వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"బరంపురం అవతల వరదంట. టీవీలో సెప్పినారు. రోడ్డు కోసీసిందంట."

నూకరత్నం ఏరుతోంది.

"ఆ డ్రైవరుగాడు తాగుతాడు. ఎన్నిసార్లు సెప్పేను ఆడితో ఎల్లొద్దురా అని."

నూకరత్నం ఏరుతోంది.

"మొన్న ఒక లారీ నీళ్ళలో కొట్టుకుపోనాది. ఇద్దరూ..."

"నోరు ముయ్యత్తా!"

నూకరత్నం చేతిలో చేట వసారా అవతలికి ఎగిరి పడింది. చేపలు వానలో చెల్లాచెదురయ్యాయి. ఒక కోడి పరుగెత్తుకొచ్చింది. కాసులమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి కోడలు ఆమెను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.

నూకరత్నం తన ముందున్న చేపల కుప్ప చూసుకుంది. నెత్తళ్ళూ సావడాలూ కలిసి ఉన్నాయి. ఎప్పటి నుంచో రెండూ ఒకే కుప్పలో వేస్తోంది.

కాసులమ్మ వచ్చి మెల్లగా పక్కన కూర్చుంది. కోడిని అదిలించింది. కోడలి ముఖంలోకి చూసింది.

"ఎక్కడే?"

"ఇక్కడ." నూకరత్నం రొమ్ము కింద చేయి పెట్టుకుంది.

"నొప్పా?"

"నొప్పే. ఊపిరాడతా లేదత్తా."

కాసులమ్మ కోడలి వీపు మీద చేయి వేసింది. ముసలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హైవే మీద ఒక బస్సు వెళ్ళింది. ఒక ఆటో వెళ్ళింది. చాలాసేపు ఏదీ వెళ్ళలేదు.

నూకరత్నం లేచి వసారా దిగింది.

"తడిసిపోతావే," అంది కాసులమ్మ.

ఆమె వినిపించుకోలేదు. సందు చివరిదాకా నడిచి, రోడ్డు కనిపించే చోట వానలో నిలబడింది.